ఛాయాదేవి మొదటి ఓటు

నా కోపం సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. నేను రోజుకి రెండు బీపీ మాత్రలు వేసుకుంటాను. అందులో ఒకటి వాషింగ్టన్ కోసం అని మా ఆవిడ మీనాక్షి వేళాకోళం చేస్తుంది. నా పేరు కృష్ణమూర్తి, వృత్తి డాక్టరు, వయసు డెబ్బై మూడు. అమెరికాలో శాన్ రామన్ అనే ఊళ్ళో ఉన్న ఇల్లు అమ్మేసి, గువామ్ వచ్చి ఒక క్లినిక్ కొనుక్కుని పాతికేళ్ళు దాటింది. పసిఫిక్ సముద్రం మధ్యలో అమెరికా జెండా ఎగిరే చిన్న ద్వీపం ఇది. ఈ కొస నుంచి ఆ కొసకి కారులో గంటన్నర కూడా పట్టదు. తెలుగువాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి ఉన్నాం, కాబట్టి ఎవరింట్లో పప్పు మాడినా మిగిలినవాళ్ళకి తెలుస్తుంది.

ఛాయాదేవి కిందటేడాది కాదు, అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఇక్కడికి వచ్చింది. యాభై మూడేళ్ళ మనిషి. బాపట్ల దగ్గర ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేసి, భర్త శశికాంత్ ఉద్యోగం కోసం అమెరికా వచ్చి, జెర్సీ సిటీలో ఇరవై ఒక్క ఏళ్ళు గడిపింది. అందులో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసే అనుమతి లేని డిపెండెంట్ వీసా మీదే. మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు, కంచాలు పెట్టే ముందు గుమ్మంలో నిలబడి మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టింది. మీనాక్షి నవ్వితే, "అలవాటు వదినా, ఎలక్షన్ డ్యూటీ చేసినదాన్ని" అంది.

ఆ ఎలక్షన్ డ్యూటీ కబుర్లు ఎన్ని చెప్పేదో! తొంభై ఎనిమిదిలో ఒకసారి, తొంభై తొమ్మిదిలో ఒకసారి ఆవిడ పోలింగ్ ఆఫీసరు. పని, వచ్చినవాళ్ళ వేలికి సిరా పెట్టడం. సాయంత్రం పెట్టెకి సీలు వేసేటప్పుడు కరిగిన లక్క బొటనవేలి మీద పడి బొబ్బ ఎక్కిందట. లారీలో పెట్టె పక్కనే కూర్చుని, పట్నంలో అప్పజెప్పి రసీదు తీసుకునేదాకా మంచినీళ్ళు కూడా తాగలేదట.

"ఇచ్చిన కాగితాలెన్ని, మిగిలినవెన్ని, చింపినవెన్ని, అన్నీ కలిపితే సరిపోవాలి అన్నయ్యగారూ. ఒక్క ఓటు తేడా వచ్చినా మమ్మల్ని ఇంటికి పంపేవాళ్ళు కాదు. ఆ ఒక్కటీ ఎవరిదో, వాళ్ళు ఎంత దూరం నడిచొచ్చి వేశారో అని మా హెడ్‌మాస్టరు గారు తిట్టేవారు" అనేది.

ఇంతమంది వేళ్ళకి సిరా పెట్టిన మనిషి తాను మాత్రం ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. మొదట్లో జాబితాలో పేరే ఎక్కలేదు. ఎక్కాక డ్యూటీ వేరే ఊళ్ళో పడేది. పోస్టులో రావాల్సిన బ్యాలెట్ ఒకసారి లెక్కింపు అయిపోయాక వచ్చింది, రెండోసారి రానే లేదు. ఆ తర్వాత అమెరికా. అక్కడ గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్ళు క్యూ. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ, ఆవిడ అపార్ట్‌మెంట్ కింద ఉన్న కమ్యూనిటీ హాల్లోనే పోలింగ్ జరిగేదట. కూరగాయల సంచీతో అటువైపు నుంచి నడిచి, అద్దంలోంచి లోపలికి చూసి, లైను ఎంత ఉందో లెక్కపెట్టుకుని పైకి వెళ్ళేదట.

రెండు వేల ఇరవై నాలుగు మే నెలలో న్యూవార్క్‌లో ఆవిడ పౌరసత్వ ప్రమాణం చేసింది. అందరూ జెండా దగ్గర ఫొటోలు దిగుతుంటే ఈవిడ వెనక బల్ల దగ్గరికి పోయి, ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం అక్కడికక్కడే నింపి పెట్టెలో వేసిందట. నవంబర్‌లో అధ్యక్షుడి ఎన్నిక. "ఇంకా నూట డెబ్బై రోజులు" అని ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకుందట. ఇలాంటి పిచ్చి చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఇక శశికాంత్. మనిషి చెడ్డవాడని చెప్పలేను. నెమ్మదస్తుడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. రెండేళ్ళలో రెండుసార్లు ఉద్యోగం పోగొట్టుకుని బెదిరిపోయి ఉన్నాడు. ఆ జూలైలో, ఇక్కడి మిలిటరీ బేస్‌కి కట్టడాలు కట్టే ఒక కంపెనీ ఆయన్ని తీసుకుంది. సెప్టెంబర్ ఒకటికల్లా చేరాలి. ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. సోనా మసూరి దొరుకుతుందా, తుఫానులొస్తే కరెంటు ఎన్నాళ్ళు పోతుంది, ఇలా అరగంట అడిగి చివర్లో మెల్లగా కదిపాడు.

"అక్కడ ఓటు సంగతేంటి డాక్టర్ గారూ? మా ఆవిడకి ఓటంటే కొంచెం పట్టింపు."

నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడగాలే గానీ వదులుతానా? అంతా విడమరిచి చెప్పాను. మాకు గవర్నరు ఉన్నాడు, మేమే ఎన్నుకుంటాం. పదిహేను మంది సెనేటర్లున్న సభ ఉంది. ఊరూరికీ మేయరున్నాడు; ఇక్కడ పేటల్ని కూడా గ్రామాలే అంటారు. బయటి నుంచి చూస్తే నిండు ప్రభుత్వం. కానీ ఆ సభ చేసిన చట్టం నచ్చకపోతే వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ కొట్టేయగలదు. ఆ కాంగ్రెస్‌కి మేమూ ఒక డెలిగేట్‌ని పంపుతాం. ఆ మనిషి అక్కడ కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, కమిటీల్లో చేయి ఎత్తవచ్చు. బిల్లు మీద ఆఖరి ఓటు వేసేటప్పుడు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాలి. అధ్యక్షుడి ఎన్నికలో మాకు ఓటు లేదు. అమెరికా పౌరుడు హైదరాబాద్‌లో కాపురం పెట్టినా, వదిలి వచ్చిన రాష్ట్రం నుంచి పోస్టులో ఓటు వేయవచ్చు. గువామ్ వస్తే పోతుంది. ఇదంతా చెప్పి, ఒక ముక్తాయింపు కూడా తగిలించాను.

"నవంబర్‌లో మా బ్యాలెట్ మీద అధ్యక్షుడి అభ్యర్థుల పేర్లు అచ్చేస్తారండీ. మనసులో మాట చెప్పుకోవడానికి, అంతే. దాన్ని స్ట్రా పోల్ అంటారు. పేర్లుంటాయి, ఓట్లుండవు."

ఆయన "అలాగా, అలాగా" అని ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం జెర్సీ సిటీలో జరిగింది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఛాయాదేవి ఆయనతో ఇలా అందట: "మీరు ముందు వెళ్ళండి. నేను త్రివేణి వాళ్ళింట్లో రెండు నెలలు ఉండి, ఓటు వేసేసి వచ్చేస్తాను." త్రివేణి పక్క అపార్ట్‌మెంట్ స్నేహితురాలు, గది కూడా సర్దిపెట్టింది. దానికి శశికాంత్, "ఎందుకు ఛాయా రెండు టికెట్లు, రెండు ప్రయాణాలు? అక్కడి డాక్టర్ గారిని కనుక్కున్నాను. అక్కడి బ్యాలెట్ మీద కూడా ప్రెసిడెంట్ పేర్లుంటాయి. అదీ అమెరికానే కదా!" అన్నాడట.

నేను చెప్పిన వాక్యాన్ని మధ్యకి విరిచి, మొదటి సగం ఇంటికి పట్టుకెళ్ళాడు. పచ్చి అబద్ధం ఆడి ఉంటే ఆవిడ పట్టుకునేదేమో. లెక్కల టీచరు కదా, తప్పు ఎక్కడున్నా కంటపడుతుంది. సగం నిజానికి ఆవిడ దగ్గర మందు లేకపోయింది. పైగా అంతా అంతర్జాలంలో వెతికే మనిషి ఈ ఒక్కటి మాత్రం వెతకలేదు. భర్త కనుక్కున్నానన్నాడు కాబట్టి.

వచ్చిన వారానికే ఇక్కడ ఓటరుగా నమోదు చేసుకుంది. ఒక మిడిల్ స్కూల్లో సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరింది. అక్టోబర్‌లో రోడ్ల పక్కన అభ్యర్థులు బంధుమిత్రులతో నిలబడి, వచ్చే పోయే కార్లకి చేతులు ఊపుతుంటే ఈవిడ అందరికీ తిరిగి ఊపేది, పార్టీ భేదం లేకుండా. నవంబర్ ఐదున పొద్దున్నే పోలింగ్‌కి వెళ్ళింది. మంగళగిరి చీర కట్టుకుని వెళ్ళిందని మీనాక్షి చెప్పింది. తొమ్మిదింటికల్లా నాకు ఫోన్.

"ఓటు వేశానన్నయ్యగారూ! ఇక్కడ వేలికి సిరా పెట్టరట, అడిగాను. ఆ అమ్మాయి నవ్వింది."

"శుభం అమ్మా" అన్నాను. సెనేటర్ల ఓటు గురించి సంబరపడుతోందనుకున్నాను. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు. క్లినిక్‌లో పేషెంట్లున్నారు.

మాకు తెల్లారిన చాలాసేపటికి గానీ న్యూజెర్సీలో ఆ తేదీ రాదు. అందుకని అక్కడి ఫలితాలు మేము మర్నాడు పట్టపగలు చూస్తాం. ఆరో తేదీ మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనాలు. శశికాంత్ సెలవు పెట్టాడు. ఛాయాదేవి పులిహోర, సేమ్యా పాయసం చేసుకొచ్చి, సోఫాలో అంచున కూర్చుని కాగితం, పెన్ను పట్టుకుంది. టీవీలో దేశపటం మీద ఒక్కో రాష్ట్రం రంగు మారుతోంది. ఈవిడ ఒక్కో రాష్ట్రం పేరు రాసి, పక్కన అంకె వేసి, కింద కూడుతోంది. గంట గడిచింది. పెన్ను మూతితో కాగితం మీద తట్టింది.

"మన పెట్టెలు ఇంకా రాలేదా అన్నయ్యగారూ? మనం నిన్ననే వేశాం కదా, అందరికంటే ముందు మనదే చెప్పాలి. పటంలో గువామ్ ఎక్కడుంది?"

నేను నోట్లో పులిహోర పెట్టుకుని, నవ్వుతూ అనేశాను. "మనవి ఎందుకొస్తాయమ్మా? మనవి ఉత్తుత్తి ఓట్లు. ఆ పేర్లకి వేసినవి దేశం లెక్కలో ఎవరూ కూడరు. మీవారికి ఆగస్టులోనే ఫోన్లో చెప్పానుగా!"

శశికాంత్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ మొహం చూడగానే నాకు విషయం అర్థమైంది. ఛాయాదేవి ఆయన వైపు తిరిగింది. అరవలేదు.

"మీకు తెలుసా?"

"అంటే... పేర్లుంటాయని చెప్పాను కదా ఛాయా. ఉన్నాయి కదా."

"తెలుసా, తెలియదా?"

"తెలుసు" అన్నాడు.

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మీనాక్షితో "పాయసంలో జీడిపప్పు ఇంకా వేయించలేదు వదినా" అని వంటింట్లోకి వెళ్ళింది. జీడిపప్పు వేయించింది. అందరికీ వడ్డించింది. తాను తినలేదు.

ఇంటికి వెళ్ళాక శశికాంత్ ఆవిడకి చెప్పుకున్న సమర్థన మర్నాడు నా క్లినిక్‌కి వచ్చి నాకు కూడా వినిపించాడు. "న్యూజెర్సీలో ఎవరు గెలుస్తారో అందరికీ తెలిసిందే డాక్టర్ గారూ. తన ఒక్క ఓటుతో ఏం మారుతుంది? కొత్త చోటు, కొత్త ఉద్యోగం, రెండు నెలలు ఒక్కడినీ ఉండలేననిపించింది. భయపడ్డాను. నిజం చెబితే రాదు."

"నిజం చెబితే రాదని తెలిసే కదా చెప్పలేదు? దాన్ని ఇంకేమంటారండీ, మోసమనే అంటారు" అని గట్టిగానే తిట్టాను. బయట కూర్చున్న పేషెంట్లకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. నా బాధ నాకుంది. ఆ మోసంలో నా మాట కూడా కలిసింది.

ఛాయాదేవి ఆ వారమంతా స్కూలుకి వెళ్ళింది. అక్కడ సోషల్ స్టడీస్ చెప్పే మిసెస్ క్రూజ్ అనే చమోరో ఆవిడ ఉంది. చమోరోలు అంటే ఈ ద్వీపం అసలు మనుషులు. ఛాయాదేవి తన సంగతి ఆవిడకి చెప్పిందట. క్రూజ్ అంతా విని ఇలా అందట: "మా అన్న ఇరాక్‌లో పోయాడు. పెట్టె మీద జెండా కప్పి తెచ్చారు, ఆ జెండా మడిచి మా అమ్మ చేతికిచ్చారు. మా అమ్మకి ఎనభై ఒకటి. తన కొడుకుని యుద్ధానికి పంపే మనిషిని ఎన్నుకునే ఓటు ఆవిడకి ఇంకా రాలేదు. నీకు మే నెలలో వచ్చి ఆగస్టులో పోయింది. మాకు ఎప్పుడూ లేదు."

ఈ మాట నాకు చెబుతూ ఛాయాదేవి మొదటిసారి ఏడ్చింది. "నా ఏడుపు చిన్నదని నాకు తెలుసన్నయ్యగారూ. కానీ వాళ్ళకి ఇవ్వనిది దేశం. నా దగ్గర్నుంచి ఇంట్లో మనిషి లాక్కున్నాడు" అంది.

డిసెంబర్‌లో శశికాంత్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. ఛాయాదేవి జనవరిలో వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్ వెళ్ళిపోతోందట, కూతురు నైనిక దగ్గరికి. మీరూ మీనాక్షిగారూ చెబితే వింటుందేమో అని బతిమాలాడు. నిలువునా కరిగిపోయిన మనిషిని చూసి ఇంక తిట్టబుద్ధి కాలేదు. ఆదివారం ఇద్దరం వెళ్ళాం.

సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. ఛాయాదేవి మాకు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. నేను లాయరులా మొదలుపెట్టాను.

"చూడమ్మా, సెనేటర్లకి నువ్వు వేసిన ఓట్లు లెక్కలోకి వచ్చాయి. మేయర్ ఓటు కూడా వచ్చింది. అది ఓటు కాదా?"

"ఓటే. కాదనను. కానీ వాళ్ళు చేసిన చట్టాన్ని కొట్టేసేవాళ్ళ మీద నాకు ఓటు లేదు. ఈ ఇంట్లోనూ అంతే కదా అన్నయ్యగారూ. ఏ కర్టెన్లు కొనాలి, నైనిక పెళ్ళికి ఎవరిని పిలవాలి, అన్నీ నన్నే అడుగుతారు. ఎక్కడ బతకాలన్నది మాత్రం ఆయన ముందే తేల్చేసి వచ్చి చెబుతారు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అంతే, ఇక్కడికొచ్చేటప్పుడూ అంతే. నేను మాట్లాడొచ్చు. ఆఖరి ఓటు నాది కాదు."

శశికాంత్ గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు. "తప్పయిపోయింది ఛాయా. ఈ కాంట్రాక్ట్ మూడేళ్ళే. రెండు వేల ఇరవై ఎనిమిది ఎన్నికలకి ముందే వెనక్కి వెళ్దాం. నేను మాటిస్తున్నా."

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీరు మాట ఇస్తే, అందులో రెండో సగం ఏముందో నేను వెతుక్కోవాలి ఇకనుంచి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ వెతుక్కోలేదు" అంది.

శశికాంత్ బయటికి వెళ్ళిపోయాడు. నేను పెద్దరికం కొద్దీ ఒక మాట అన్నాను. "కొన్నాళ్ళుంటే అలవాటైపోతుందమ్మా. మేము పాతికేళ్ళుగా లేమా?"

"అదే భయమన్నయ్యగారూ. వర్జీనియాలో వచ్చే నవంబర్‌లో గవర్నర్ ఎన్నిక ఉందట, నైనిక చెప్పింది. వెళ్ళగానే రిజిస్టర్ చేసుకుంటాను. అలవాటు కాకముందే వెళ్ళాలి" అని లేచి చీరలు మడత పెట్టుకోసాగింది. మీనాక్షి కూడా లేచి, చీర రెండో కొస అందుకుంది. ఇద్దరూ కలిసి తొమ్మిదో పదో చీరలు మడతపెట్టారు. వెళ్ళొద్దని మా ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఊరుకోలేదు. "ఎంత మోసం చూశావా మీనాక్షీ! కట్టుకున్న భార్యకి ఇంత విషయం దాస్తాడా మనిషన్నవాడు!" అని స్టీరింగ్ మీద చరిచాను.

మీనాక్షి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. కొంచెం దూరం పోయాక అడిగింది. "మనం శాన్ రామన్ నుంచి వచ్చేటప్పుడు మీకు ఈ సంగతి తెలుసా?"

నాకు తెలుసు. క్లినిక్ అమ్మిన డాక్టరే చెప్పాడు. అప్పటికి మేమిద్దరం పౌరులమై మూడేళ్ళయింది. ఇంట్లో చెప్పాల్సినంత విషయమని నాకు తోచలేదు. ఆ తర్వాత వాషింగ్టన్ మీద పాతికేళ్ళు అరిచాను గానీ, ఆ ఒక్క ముక్క ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"తెలుసు" అన్నాను.

"నాకు రెండు వేలో సంవత్సరంలో తెలిసింది. పోలింగ్‌లో, కాగితం చేతిలో పెట్టాక, పక్కన నిలబడిన ఆవిడ చెప్పింది. ఇంటికొచ్చి రెండ్రోజులు మీతో మాట్లాడలేదు" అంది మీనాక్షి. "ఎందుకు మాట్లాడటం లేదని మీరు అడగనే లేదు."

ఆ రెండు రోజుల్నీ గుర్తుకు తెచ్చుకోవాలని ఇంటిదాకా ప్రయత్నించాను. ఏమీ గుర్తు రాలేదు.